పసుపు రంగు బోర్డులు (నిజామాబాదు)

పసుపు రంగు బోర్డులు అనగా 2023 మార్చి నెలాఖరులో తెలంగాణ రాష్ట్రంలోని నిజామాబాదు పట్టణంలో పసుపు రైతుల పేరిట వెలసిన వ్యంగ్య ఫలకాలు. జాతీయ స్థాయిలో పసుపు పంటకు ప్రత్యేక బోర్డు కావాలని ఈ ప్రాంత రైతులు అనేక సంవత్సరాలు కోరుతూ వచ్చారు. అటువంటి ప్రతిపాదన లేదని కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో తెలిపినట్లు వార్తలు వచ్చిన తరువాత పట్టణ కూడళ్ళలో పసుపు రంగు పూసిన ఫలకాలు కనిపించాయి. వాటిమీద "పసుపు బోర్డు" అని పెద్ద అక్షరాలతో రాసి, తమ పార్లమెంటు సభ్యుడు తెచ్చినది ఇదే అన్న భావం వచ్చే వాక్యం చేర్చబడింది. ఈ ఫలకాల చిత్రాలు చరవాణుల ద్వారా, టీవీ ఛానళ్ళ ద్వారా రాష్ట్రమంతటా ప్రచారమయ్యాయి.

వార్తాపత్రిక శీర్షికకు ప్రజలు హాస్యంతో ఇచ్చిన జవాబుగా ఈ ఘటన గుర్తింపు పొందింది. అయితే దీని వెనుక ఉన్న విషయం హాస్యం కాదు. ఎనిమిది, తొమ్మిది నెలలు పండించిన పంటకు గిట్టుబాటు ధర లేకపోవడం, అందుకై 2019 లోక్‌సభ ఎన్నికలలో రైతులు మూకుమ్మడిగా పోటీ చేయడం, ఆ ఎన్నికలో ఇచ్చిన హామీ నెరవేరడంలో జరిగిన ఆలస్యం ఈ ఫలకాలకు నేపథ్యం.

పేరులోని శ్లేష

తెలుగులో "పసుపు" అనే మాటకు రెండు అర్థాలు కలవు. ఒకటి వంటలోను, శుభకార్యాలలోను వాడే దుంప పంట. రెండవది ఆ దుంప రంగు. అదే విధంగా తెలుగువారి వాడుకలో స్థిరపడిన "బోర్డు" అనే మాటకు కూడా రెండు అర్థాలు ఉన్నాయి. ఒకటి ప్రభుత్వం ఏర్పరచే అధికారిక మండలి. రెండవది దుకాణం ముందో, రోడ్డు పక్కనో తగిలించే పలక. కావున "పసుపు బోర్డు" అనే రెండు పదాల సమాసం "పసుపు పంట అభివృద్ధి మండలి" అనే అర్థాన్ని, "పసుపు రంగు పలక" అనే అర్థాన్ని సమానంగా ఇస్తుంది.

అలంకార శాస్త్రంలో ఒకే మాట రెండు అర్థాలను మోయడాన్ని శ్లేష అంటారు. ఇక్కడ విశేషణము, విశేష్యము రెండూ శ్లేషగా ఉండడం గమనించదగినది. ఈ చమత్కారం తెలుగులో పూర్తిగా పనిచేస్తుంది. హిందీలో పంటను హల్దీ అనీ, రంగును పీలా అనీ వేరువేరుగా పిలుస్తారు. ఆంగ్లంలోను పంటకు టర్మరిక్, రంగుకు ఎల్లో అని వేరు మాటలే ఉన్నాయి. అందువలన ఆ భాషల పత్రికలు ఈ వార్తను ఇచ్చినప్పుడు హాస్యాన్ని వివరించి చెప్పవలసి వచ్చేది. తెలుగు పాఠకునికి చిత్రం చూపితే చాలును.

ఫలకంలోని వాక్యం పైకి పొగడ్త. ఇచ్చిన మాట ప్రకారం బోర్డు తెచ్చారన్నది దాని వాచ్యార్థం. లోపల ఉన్నది నింద. పొగడ్త రూపంలో నిందించడాన్ని, నింద రూపంలో పొగడడాన్ని అలంకారికులు వ్యాజస్తుతి అన్నారు. తెలుగు సాహిత్యంలో ఈ పద్ధతికి పాతకాలం నుండి ఆదరణ ఉన్నది. కాసుల పురుషోత్తమ కవి రచించిన ఆంధ్రనాయక శతకము నిందాస్తుతికి ప్రసిద్ధమైన ఉదాహరణ. అందులో దైవాన్ని ఎత్తిపొడుస్తూ స్తుతించడం కనిపిస్తుంది. నిజామాబాదు ఫలకాలలో దీనికి తలకిందులైన రీతి, అనగా స్తుతిస్తూ ఎత్తిపొడవడం, ఉన్నది.

నేపథ్యం: పంట మరియు ధర

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాలు, జగిత్యాల జిల్లాలోని కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలు పసుపు సాగుకు పేరుపొందినవి. నిజామాబాదు వ్యవసాయ మార్కెట్ దేశంలోని ప్రధాన పసుపు మార్కెట్లలో ఒకటి. మహారాష్ట్రలోని సాంగ్లీ, తమిళనాడులోని ఈరోడ్, ఆంధ్రప్రదేశ్‌లోని దుగ్గిరాల, కడప ఇటువంటి ఇతర మార్కెట్లు.

పసుపు దీర్ఘకాలపు పంట. వానాకాలం ఆరంభంలో విత్తనపు దుంపలు నాటితే జనవరి నుండి మార్చి వరకు తవ్వకం జరుగుతుంది. తవ్విన పచ్చి దుంపలను నేరుగా అమ్మరు. కొమ్ములను, మండలను వేరుచేసి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగు పట్టిన తరువాతనే మార్కెట్టుకు తెస్తారు. స్థానికంగా కొమ్మును కాడి అనీ, మండను గోల అనీ వ్యవహరిస్తారు. అయిదు పాళ్ళ పచ్చి పసుపు నుండి సుమారు ఒక పాలు ఎండు పసుపు మాత్రమే వస్తుంది. విత్తనం, కూలీ, ఉడికింపు ఖర్చులు అధికం కావున పంట చేతికి వచ్చే నెలలలో ధర పడిపోతే రైతుకు ఒక సంవత్సరపు శ్రమ నష్టమౌతుంది.

కేంద్ర ప్రభుత్వం 22 పంటలకు కనీస మద్దతు ధర ప్రకటిస్తుంది. వరి, మొక్కజొన్న, పత్తి, పప్పుధాన్యాలు మొదలైనవి ఆ జాబితాలో ఉన్నాయి. పసుపు అందులో లేదు. ధర బాగా పడిపోయినప్పుడు రాష్ట్రం కోరితే మార్కెట్ జోక్య పథకం కింద కొనుగోలు చేసే వీలు ఉన్నది గాని, అది ఏటా లభించే హామీ కాదు.

ఈ ప్రాంతంలో పసుపుతో పాటు ఎర్రజొన్న కూడా ముఖ్యమైన పంట. దీనిని ఉత్తర భారత రాష్ట్రాలలో పశుగ్రాసపు విత్తనంగా వాడతారు. కొనుగోలు ప్రధానంగా వ్యాపారుల చేతిలో ఉన్నది. 2019 ఫిబ్రవరిలో పసుపుకు క్వింటాలుకు 15,000 రూపాయలు, ఎర్రజొన్నకు 3,500 రూపాయలు ఇప్పించాలని కోరుతూ రైతులు ఆర్మూరు పరిసరాలలో జాతీయ రహదారులపై బైఠాయించారు. పోలీసులు నిషేధాజ్ఞలు విధించి, పలువురిని అదుపులోకి తీసుకున్నారు. ఆనాడు మార్కెట్టులో పసుపు ధర రైతులు కోరినదానిలో సగం కూడా లేదు.

2019 ఎన్నిక: 185 మంది అభ్యర్థులు

నిజామాబాదు లోక్‌సభ నియోజకవర్గంలో నిజామాబాదు పట్టణ, నిజామాబాదు గ్రామీణ, బోధన్, ఆర్మూరు, బాల్కొండ, కోరుట్ల, జగిత్యాల అనే ఏడు శాసనసభ నియోజకవర్గాలు ఉన్నాయి. 2014లో ఇక్కడి నుండి తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి కల్వకుంట్ల కవిత గెలుపొందారు. ఆమె అప్పటి ముఖ్యమంత్రి కల్వకుంట్ల చంద్రశేఖరరావు కుమార్తె. పసుపు బోర్డు ఏర్పాటు చేయాలని ఆమె కూడా కేంద్రాన్ని కోరారు గాని, అది సాధ్యపడలేదు.

రోడ్డుపై బైఠాయింపు వలన ఫలితం రాకపోవడంతో రైతులు వేరొక మార్గం ఎంచుకున్నారు. తామే అభ్యర్థులుగా నామినేషన్లు వేశారు. పరిశీలన, ఉపసంహరణల తరువాత బరిలో మిగిలినవారు 185 మంది. వీరిలో ఏడుగురు పార్టీల అభ్యర్థులు, 178 మంది స్వతంత్రులు. స్వతంత్రులలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న రైతులే.

ఇది గెలుపు కోసం వేసిన పోటీ కాదు. లోక్‌సభకు పోటీచేసే సాధారణ అభ్యర్థి 25,000 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగల అభ్యర్థి 12,500 రూపాయలు ధరావతు కట్టవలెను. చెల్లిన ఓట్లలో ఆరవ వంతు కంటే ఎక్కువ రానివారికి ఆ సొమ్ము తిరిగి రాదు. ఆ సంగతి తెలిసే రైతులు డబ్బు కట్టారు. పత్రికలలో మూలకు పడిపోయిన ధర వార్తను మొదటి పేజీకి తేవడమే వారి ఉద్దేశము. వారు అనుకున్నట్లే "ఒకే స్థానానికి 185 మంది" అన్న శీర్షిక దేశమంతటా వచ్చింది.

2019 ఏప్రిల్ 11న పోలింగు, మే 23న లెక్కింపు జరిగాయి. భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ 70,875 ఓట్ల ఆధిక్యతతో కవితపై గెలిచారు. మొదటి రెండు స్థానాలలో నిలిచినవారు తప్ప మిగిలిన అభ్యర్థులందరికీ ధరావతు పోయింది.

ఫలితాలకు ముందే ఉద్యమం మరొక రూపం తీసుకున్నది. ఏప్రిల్ నెలాఖరులో నిజామాబాదు ప్రాంత రైతులు కొందరు ఉత్తరప్రదేశ్‌లోని వారణాసికి వెళ్ళి, ప్రధానమంత్రి నరేంద్ర మోదీ పోటీచేస్తున్న స్థానానికి నామినేషన్లు వేయ యత్నించారు. పరిశీలనలో వీరిలో చాలామంది పత్రాలు నిలువలేదు.

యంత్రాల ఏర్పాటు

అభ్యర్థుల సంఖ్య పెరగడంతో ఎన్నికల సంఘానికి సాంకేతిక సమస్య ఎదురైంది. ఓటింగు యంత్రంలో మీటలు ఉండే భాగాన్ని బ్యాలెట్ యూనిట్ అంటారు. ఒక యూనిట్‌లో 16 పేర్లకు చోటు ఉన్నది. అంతకు ముందు తరం యంత్రాలకు నాలుగు యూనిట్లు మాత్రమే జోడించవచ్చును; అనగా 64 మంది వరకే వీలు. అందుచేత మొదట బ్యాలెట్ పత్రాలతో ఎన్నిక జరపాలన్న ఆలోచన వచ్చింది. చివరకు ఎం-3 తరం యంత్రాలు వాడాలని నిర్ణయించారు. వీటికి 24 యూనిట్ల వరకు కలిపి 384 పేర్లను అమర్చవచ్చును.

185 మంది అభ్యర్థులకు నోటా కలిపితే 186 మీటలు కావలెను. పన్నెండు యూనిట్లకు 192 మీటలు వస్తాయి. కావున ప్రతి పోలింగు కేంద్రంలో 12 యూనిట్లను బల్లలపై ఆంగ్ల అక్షరం "ఎల్" ఆకారంలో పేర్చారు. ఓటరు తనకు కావలసిన గుర్తును వెతుక్కొనుటకు యంత్రాల వెంట నడవవలసి వచ్చింది. పోలింగు వేళలు కూడా ఇక్కడ ఉదయం 8 నుండి సాయంత్రం 6 గంటల వరకు మార్చబడినవి. ఒక స్థానంలో ఇన్ని యూనిట్లతో ఎన్నిక జరగడం అదే ప్రథమం. ప్రపంచ రికార్డుగా నమోదు చేయించే ప్రయత్నం గురించి కూడా వార్తలు వచ్చాయి.

దూరంగా ఉండి చదివినవారికి ఇదంతా ఒక వింత వార్త. పన్నెండు యంత్రాల ఫోటో నవ్వు తెప్పించేదిగానే ఉన్నది. ఆ ఫోటో కింద పసుపు ధర ఎంత అని రాసిన పత్రికలు తక్కువ.

పూర్వపు ఉదాహరణలు

అభ్యర్థుల సంఖ్యనే నిరసనగా మార్చడం తెలుగునాట కొత్త కాదు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్గొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడు కలిసిన నీటి వలన ఎముకలు వంగిపోతున్న గ్రామాల సమస్యను దేశం దృష్టికి తేవడమే దాని ఉద్దేశము. ఆ ఎన్నికలో భారత కమ్యూనిస్టు పార్టీకి చెందిన బొమ్మగాని ధర్మభిక్షం గెలుపొందారు. అదే సంవత్సరం తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానానికి 1,033 మంది అభ్యర్థులు నిలిచారు. అక్కడ బ్యాలెట్ పత్రాన్ని పుస్తకం వలె అచ్చువేయవలసి వచ్చింది.

ఆ అనుభవం తరువాత లోక్‌సభ అభ్యర్థుల ధరావతు 500 రూపాయల నుండి 10,000 రూపాయలకు పెంచబడింది. తరువాత 2010 నుండి అది 25,000 రూపాయలైనది. నిజామాబాదు రైతులు ఈ పెంచిన ధరావతును కూడా లెక్కచేయక పోటీకి దిగారు.

హామీ పత్రం

2019 ఎన్నికల ప్రచారంలో ధర్మపురి అర్వింద్ తాను గెలిచిన అయిదు రోజులలో పసుపు బోర్డు తెస్తానని, తేలేకపోతే పదవికి రాజీనామా చేసి రైతులతో కలిసి ఉద్యమిస్తానని బాండు పేపరుపై రాసి ఇచ్చారు. ఇండ్లు, భూముల క్రయవిక్రయాలకు వాడే కాగితం మీద ఎన్నికల హామీ ఇవ్వడం వార్తలలో ప్రముఖంగా వచ్చింది. మాటగా ఇచ్చిన హామీ కాలక్రమంలో మరుగున పడుతుంది. కాగితం మీద గడువుతో సహా రాసిన హామీ అట్లు కాదు. ప్రత్యర్థులకు, రైతులకు అది ఎప్పుడంటే అప్పుడు చూపగల ఆధారంగా మిగిలింది.

2020లో కేంద్ర ప్రభుత్వం నిజామాబాదులో సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రాంతీయ కార్యాలయాన్ని, విస్తరణ కేంద్రాన్ని మంజూరు చేసింది. సుగంధ ద్రవ్యాల బోర్డు 1986 నాటి చట్టం ప్రకారం 1987లో ఏర్పడి, కేరళలోని కొచ్చి ప్రధాన కేంద్రంగా పనిచేస్తున్న సంస్థ. పసుపు దాని పరిధిలోని 52 సుగంధ ద్రవ్యాలలో ఒకటి. ఈ కార్యాలయం బోర్డు కంటే మేలైనదని పార్లమెంటు సభ్యుని పక్షం వాదించింది. తాము అడిగినది కార్యాలయం కాదు, బోర్డు అన్నది రైతుల మాట.

ఫలకాలు వెలసిన సందర్భం

2023 మార్చిలో పార్లమెంటులో అడిగిన ప్రశ్నకు బదులుగా ప్రత్యేక పసుపు బోర్డు ఏర్పాటుచేసే ప్రతిపాదన లేదని కేంద్రం తెలిపింది. హామీ ఇచ్చి అప్పటికి నాలుగు సంవత్సరాలు కావస్తున్నది. వార్త వచ్చిన కొద్ది రోజులకే నిజామాబాదు కూడళ్ళలో పసుపు రంగు ఫలకాలు కనిపించాయి.

2019లో రైతులు సంఖ్యతో మాట్లాడారు. 2023లో రంగుతో మాట్లాడారు. మొదటిదానికి లక్షల రూపాయల ధరావతు ఖర్చు. రెండవదానికి కొంత రంగు, కొన్ని పలకలు చాలినవి. రెండింటి లక్ష్యము ఒకటే. పాతబడిన విషయాన్ని మళ్ళీ శీర్షికలలోకి తేవడం.

ఈ కాలంలో శాసనసభ ఎన్నికలు సమీపిస్తున్నాయి. అప్పటికి భారత రాష్ట్ర సమితిగా పేరు మార్చుకున్న అధికార పక్షానికి ఈ ఫలకాలు అనుకూలమైన ప్రచార సాధనమయ్యాయి. రైతుల ఆవేదన, పార్టీల అవసరం ఒకే ఫలకంలో కలిసిన సందర్భాలలో ఏది ఎంత పాలు అన్నది విడదీయడం కష్టము.

చిత్రం ప్రచారమైన తీరు

ఇటువంటి చిత్రాలు వేగంగా వ్యాపించుటకు మూడు కారణాలు కలవు. మొదటిది క్లుప్తత. విషయం చదివేందుకు రెండు క్షణాలు చాలును. రెండవది ముందు పరిచయం. పసుపు బోర్డు హామీ సంగతి తెలంగాణలో వార్తలు చూసే ప్రతివారికి అప్పటికే తెలిసినది కావున వివరణ అవసరం లేకపోయింది. మూడవది నింద నేరుగా లేకపోవడం. ఫలకంలో తిట్టు లేదు, ఆరోపణ లేదు. పంపినవారు పొగడ్తనే పంపారు.

అయితే ఇదే లక్షణాల వలన ఒక ఇబ్బంది కూడా కలదు. చిత్రంతో పాటు తేదీ ప్రయాణించదు. 2023 మార్చి నాటి ఫలకం చిత్రాన్ని తరువాతి సంవత్సరాలలో చూసినవారు నేటికీ బోర్డు రాలేదని అనుకొనే ప్రమాదం ఉన్నది. వ్యంగ్య చిత్రాన్ని ఆధారంగా తీసుకొనేటప్పుడు అది ఏ తేదీకి సంబంధించినది, ఆ తరువాత ఏమి జరిగినది అన్న రెండు ప్రశ్నలు వేసుకొనుట విద్యార్థులకు మంచి అలవాటు.

జాతీయ పసుపు బోర్డు ఏర్పాటు

2023 అక్టోబరు 1న మహబూబ్‌నగర్ సభలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ జాతీయ పసుపు బోర్డును ప్రకటించారు. అక్టోబరు 4న కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ వెలువరించింది. బోర్డు వచ్చేవరకు చెప్పులు వేసుకోనని 2011లో ప్రతిన బూనిన రైతు ఒకరు ప్రధాని ప్రకటన తరువాత పన్నెండేళ్ళకు చెప్పులు తొడుగుకున్నారు. ఫలకం ఫోటో వలెనే ఆ ఫోటో కూడా విశేషంగా ప్రచారమైంది.

2025 జనవరి 14న, సంక్రాంతి నాడు, కేంద్ర వాణిజ్య మంత్రి పీయూష్ గోయల్ బోర్డును ప్రారంభించారు. పల్లె గంగారెడ్డి మొదటి అధ్యక్షునిగా నియమితులయ్యారు. ప్రధాన కేంద్రంగా నిజామాబాదు నిర్ణయించబడింది. 2025 జూన్ 29న కేంద్ర హోంమంత్రి అమిత్ షా నిజామాబాదులో ప్రధాన కార్యాలయాన్ని ప్రారంభించారు. ఈ మధ్యలో, 2024 లోక్‌సభ ఎన్నికలలో ధర్మపురి అర్వింద్ లక్షకు పైగా ఆధిక్యతతో తిరిగి గెలుపొందారు.

ఈ క్రమంలో "పసుపు బోర్డు వచ్చింది" అన్న అర్థం వచ్చే శీర్షికలు పలుమార్లు వెలువడినవి. ప్రకటన, నోటిఫికేషన్, అధ్యక్షుని నియామకం, కార్యాలయ ప్రారంభం నాలుగు వేరువేరు దశలు. ప్రకటన అనగా ఉద్దేశము తెలుపుట. నోటిఫికేషన్ వలన దానికి అధికారిక రూపం వస్తుంది. నియామకం, కార్యాలయం ఏర్పడిన తరువాత గాని పని మొదలు కాదు. మొదటి దశకు, చివరి దశకు మధ్య సుమారు ఇరవై ఒక్క నెలలు గడిచాయి.

బోర్డు పరిధి

బోర్డు ఏర్పాటు సమయంలో కేంద్రం ఇచ్చిన వివరాల ప్రకారం 2022-23లో దేశంలో 3.24 లక్షల హెక్టార్లలో 11.61 లక్షల టన్నుల పసుపు పండింది. ఇది ప్రపంచ ఉత్పత్తిలో 75 శాతానికి పైగా. ఆ సంవత్సరం 1.534 లక్షల టన్నుల పసుపు, పసుపు ఉత్పత్తులు ఎగుమతి కాగా 20.745 కోట్ల డాలర్ల ఆదాయం వచ్చింది. 2030 నాటికి ఎగుమతులను 100 కోట్ల డాలర్లకు చేర్చడం లక్ష్యంగా చెప్పబడింది. కొత్త ఉత్పత్తులపై పరిశోధన, నాణ్యతా ప్రమాణాలు, విదేశీ మార్కెట్ల అన్వేషణ, రైతులకు శిక్షణ బోర్డు బాధ్యతలు.

బోర్డు స్వయంగా పంటను మద్దతు ధరకు కొనుగోలు చేసే సంస్థ కాదు. ఇది ప్రత్యేక చట్టం ద్వారా గాక నోటిఫికేషన్ ద్వారా ఏర్పడినది. పోలికకు గుంటూరు కేంద్రంగా ఉన్న పొగాకు బోర్డును చూడవచ్చును. 1975 నాటి చట్టం ప్రకారం 1976లో ఏర్పడిన ఆ సంస్థకు వర్జీనియా పొగాకు సాగును నియంత్రించే, వేలం కేంద్రాలు నడిపే అధికారాలు ఉన్నాయి. "బోర్డు" అన్న పేరు ఒకటే అయినా అధికారాలు ఒకటి కావు.

ధర విషయంలో మరొక విశేషం కలదు. 2024 ఆరంభపు సీజనులో నిజామాబాదు మార్కెట్టులో నాణ్యమైన పసుపు ధర క్వింటాలుకు 15,000 రూపాయలను దాటింది. 2019లో రహదారిపై రైతులు అడిగిన ధర అదే. అప్పటికి బోర్డు నోటిఫికేషన్ దశలోనే ఉన్నది. కార్యాలయం లేదు, అధ్యక్షుడు లేడు. కొన్నేళ్ళ తక్కువ ధరల వలన సాగు విస్తీర్ణం తగ్గి సరుకు కొరత ఏర్పడుట ఈ పెరుగుదలకు ముఖ్య కారణం. ధర లేక పసుపు మానుకున్న రైతుకు ఈ పెరుగుదల వలన లాభం లేకపోయింది.

బోధన్ చెరకు ప్రాంతంతో పోలిక

ఇదే లోక్‌సభ నియోజకవర్గంలోని బోధన్ ప్రాంతం చెరకుకు ప్రసిద్ధి. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో 1937లో ఇక్కడ నిజాం చక్కెర కర్మాగారం స్థాపించబడింది. కర్మాగారం చుట్టూ వెలసిన కాలనీకి షక్కర్‌నగర్ అని పేరు వచ్చింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యానికి మారిన ఈ సంస్థ 2015 డిసెంబరులో మూతపడింది. కర్మాగారాన్ని ప్రభుత్వం తిరిగి తీసుకుంటుందని ఇచ్చిన హామీలు, రైతుల సహకార సంఘాలకు అప్పగించాలన్న ఆలోచన కార్యరూపం దాల్చలేదు. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం పునరుద్ధరణ పరిశీలనకై కమిటీని నియమించింది.

రెండు పంటల స్థితిని పోల్చి చూచిన యెడల పసుపు బోర్డు కోరికకు మూలం అర్థమౌతుంది. చెరకుకు కేంద్రం ఏటా ధర నిర్ణయిస్తుంది. కాని బోధన్ రైతుకు దగ్గరలో కర్మాగారం లేకుండా పోయింది. పసుపుకు పక్కనే పెద్ద మార్కెట్ ఉన్నది. కాని నిర్ణయించిన ధర లేదు. ధర ఉండి కొనేచోటు లేనివాడు, కొనేచోటు ఉండి ధర లేనివాడు ఒకే జిల్లాలో ఉన్నారు. షక్కర్‌నగర్‌లో చక్కెర తయారు కాకపోవడం ఎవరూ ఫలకం రాయకుండానే ఏర్పడిన వ్యంగ్యం.

ప్రాముఖ్యత

పసుపు రంగు ఫలకాల వలననే బోర్డు వచ్చినదని చెప్పుటకు ఆధారం లేదు. ఎన్నికల లెక్కలు, దీర్ఘకాలపు ఉద్యమం, వివిధ పార్టీల ఒత్తిడి అన్నీ అందులో పాలుపంచుకున్నాయి. అయితే నాలుగేళ్ళ నాటి హామీ మరుగున పడకుండా చేయడంలో ఈ ఫలకాలకు చోటు ఉన్నది. ఆరు నెలలకు వచ్చిన ప్రకటనను పత్రికలు రాసినప్పుడు పాత హామీ పత్రాన్ని కూడా గుర్తుచేయక తప్పలేదు.

వ్యంగ్యానికి పరిమితి కూడా కలదు. రెండు మాటల చమత్కారంలో బోర్డు వస్తే ఏమి మారుతుంది, మద్దతు ధర ఎవరు ఇవ్వవలెను, ప్రాంతీయ కార్యాలయానికి బోర్డుకు తేడా ఏమి అన్న ప్రశ్నలు ఇమడవు. ఇప్పుడు నిజామాబాదులో బోర్డు ఉన్నది, దానికి కార్యాలయం ఉన్నది, గోడమీద పేరు రాసిన పలక కూడా ఉన్నది. 2019లో నామినేషన్లు వేసిన రైతులు కోరిన రెండింటిలో ఒకటి నెరవేరింది. రెండవదైన మద్దతు ధర జాబితాలోకి పసుపు ఇంకా చేరలేదు.